చక్రముల మీద సంసారము

అమెరికా రహదారులపై ఆర్‌వీ, అనగా చక్రముల మీది యిల్లు, ఎక్కి విహరించుట నానాటికి మనవారికిని ప్రియమగుచున్నది. ఆ ప్రయాణమున చిక్కులు ఎచ్చట పుట్టును, ఎందుకు పుట్టును?

ఉత్తర కరొలైనా రాష్ట్రమునందలి డర్హం నగరములో గ్రెగ్సన్ వీథిపై ఒక రైలు వంతెన కలదు. 1940లో కట్టిన ఆ వంతెన క్రింద వాహనములు దూరిపోవుటకు గల ఎడము చిరకాలము 11 అడుగుల 8 అంగుళములు మాత్రమే. దానికి ముందు హెచ్చరిక పలకలు కలవు; ఎత్తైన వాహనము సమీపించినంతనే పసిగట్టి ఎఱ్ఱదీపము వెలిగించు యంత్రము కలదు; వంతెనకు దెబ్బ తగులకుండ అడ్డముగా బిగించిన ఇనుప దూలమును కలదు. ఇన్ని యున్నను అద్దె ట్రక్కులును ఆర్‌వీలును వచ్చి ఆ దూలమునకు తల మోదుకొని, పైకప్పు చీల్చుకొని, ఏసీ యంత్రమును నడివీథిలో రాల్చుకొని పోవుట ఆ ఊరివారు చూచి చూచి అలవాటుపడిన దృశ్యము. సమీప భవనములో పనిచేయు ఉద్యోగి యొకరు 2008లో కెమెరా అమర్చి ఈ తాకుడులను లోకమునకంతకు చూపిరి. రైల్వేవారు 2019లో వంతెనను 8 అంగుళములు పైకెత్తిరి; అయినను తాకుడులు ఆగలేదు. లోపము వంతెన ఎత్తులో కంటె, ఇల్లంత బండిని కారుగా భావించి నడుపు మనుష్యుని తలపులో నున్నది కనుక, అవి అంత సులభముగా ఆగునని ఆశించుటయు తగదు.

ఇంటిని వెంటబెట్టుకొని తిరుగవలెనను కోరిక అమెరికనులకు క్రొత్తది కాదు. మోటారుకారు సామాన్యునకు అందివచ్చిన తొలినాళ్ళలోనే, 1919లో, ఫ్లోరిడాలోని టాంపా నగరమున ‘టిన్ కాన్ టూరిస్ట్స్’ అను పేరుతో ఇట్టి యాత్రికులు సంఘముగా ఏర్పడిరి. నేడు వంటిల్లు, పడకలు, స్నానపుగది, మరుగుదొడ్డి సమస్తము ఒక్క బండిలో నిమిడియుండు మోటర్‌హోములును, పికప్ ట్రక్కు వెనుక తగిలించి లాగుకొనిపోవు ట్రెయిలర్లును ఆ దేశపు దారులన్నిటను కానవచ్చుచున్నవి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగము చేసికొను మన తెలుగు కుటుంబములు సైతము, బడులకు వేసవి సెలవులు వచ్చి, ఊరినుండి అమ్మానాన్నలు వచ్చిన తరుణమున, ఒక ఆర్‌వీని అద్దెకు దీసికొని ఎల్లోస్టోన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో బయలుదేరుచున్నవి. పెద్దవారికి వేళకు ఇంత అన్నము, చారు వండిపెట్టవచ్చును. పిల్లలు ఎచ్చట నిద్రించిన అచ్చటనే పడక. ఇంతకంటె సుఖమేమి?

సుఖమే. కాని ఇల్లు నిలుకడను కోరును, బండి చలనమును కోరును. ఇల్లు సమతలమున కూర్చుండవలెను, బండి ఎత్తుపల్లములలో పరుగెత్తవలెను. ఇట్లు పరస్పర విరుద్ధములైన రెండు ధర్మములను ఒక చట్రమున బిగించినదే ఆర్‌వీ. నడపునప్పుడు అది ఇల్లనియు, నిలిపి కాపురముండునప్పుడు అది బండియనియు మరచిన క్షణములయందే ఆ ప్రయాణపు ఆపదలలో అధికభాగము పుట్టుచున్నవి.

ఎత్తు, పొడవు, వెనుకడుగు

చాల రాష్ట్రములలో ముప్పది అడుగుల మోటర్‌హోమును నడుపుటకు సాధారణమైన కారు లైసెన్సే చాలును. అద్దెకిచ్చువారు కొంతసేపు బండి చుట్టును త్రిప్పి చూపి తాళపుచెవులు చేత బెట్టుదురు. చేతిలోని ఫోను పటము కారునకు తగిన దారినే చూపునుగాని, బండి ఎత్తెంతో ఎఱుగదు. జయాన్ జాతీయవనమున 1930లో కొండను తొలిచి నిర్మించిన సొరంగము ఒక మైలునకు పైగా నిడివి గలది. దాని కప్పు విల్లువలె వంగియుండుటచే, 11 అడుగుల 4 అంగుళములకు మించిన బండి తన వరుసలో నిమడక నడిమికి జరుగవలసివచ్చును. అందుచేత ఎదుటి రాకపోకల నాపి, రుసుము గైకొని, పెద్ద బండ్లను ఒంటిదారిగా పంపు పద్ధతి అచ్చట చిరకాలము సాగినది. గ్లేషియర్ జాతీయవనమున ‘గోయింగ్ టు ద సన్’ అను కొండదారిలో, అవలాంచి నుండి రైజింగ్ సన్ వరకు, 21 అడుగుల పొడవు మించిన వాహనమునకు ప్రవేశమే లేదు. ఇక బాల్టిమోర్ రేవు క్రింది సొరంగములలో, ఆర్‌వీలలో నుండునంతటి ప్రొపేన్ సిలిండర్లతో పోనియ్యరు. అట్టివారు చుట్టుదారిగా వాడుకొనుచుండిన ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన 2024 మార్చి 26వ తేదీన ఓడ తాకి కూలిపోయినందున, నగరమును ఆవలి ప్రక్కనుండి చుట్టి రాక తప్పనిదయ్యెను. బయలుదేరుటకు ముందే బండి ఎత్తును కాగితముపై వ్రాసి స్టీరింగు చెంత అంటించుకొనుట వీటన్నిటికి ప్రథమచికిత్స.

దారిలో తప్పిన ఆపద మజిలీలో పొంచియుండును. చీకటిపడుచుండగా, అలసిన భర్త బండిని వెనుకకు నడిపించుచు తన చోటులోనికి తెచ్చుచుండును, ఇల్లాలు వెనుక నిలిచి, నేలనున్న విద్యుత్ స్తంభము మీదనే దృష్టి నిలిపి, “ఇంకా రావచ్చు, రండి... రండి...” అనుచుండును. అంతలో పైనుండి ఫెళ్ళుమని చప్పుడు. నేల మీద నాలుగడుగుల చోటు మిగిలియున్నది. పైన పైన్ చెట్టు కొమ్మ ఏసీ మూతను పెకలించినది. “అదేమిటే, చూడవద్దూ?” అని ఆయన, “నేను కింద చూస్తున్నానండీ, పైన మీరు చూస్తున్నారనుకున్నాను!” అని ఆమె. ఈ సంవాదము జరుగని మజిలీ ఉండదు. పైకప్పునకు కలిగిన నష్టమును బీమా పరిధినుండి తొలగించు షరతు పలు అద్దె పత్రములలో నుండుటచేత, ఆ కొమ్మ మూల్యము మరునాడుగాని తెలియదు.

రబ్బరు, బ్రేకు, బరువు

కారు టైరు అరిగి చచ్చును. ఆర్‌వీ టైరు తరచుగా ముసలిదై చచ్చును. ఏడాదిలో అధికభాగము ఎండలో కదలక నిలిచియుండు బండి కనుక, గాడులు క్రొత్తవానివలె నున్నను, రబ్బరు లోలోపల పెళుసెక్కును. టైరు ప్రక్కగోడపై ‘డాట్’ అను అక్షరములతో మొదలగు వరుస చివర నాలుగంకెలు చెక్కబడియుండును; 2319 అని యున్నచో అది 2019వ సంవత్సరపు 23వ వారమున పుట్టినదని భావము. వయసు మీఱిన టైరుపై మితిమీఱిన బరువెక్కించి, గాలి తక్కువగా నుంచి, వేసవి మధ్యాహ్నము పరుగెత్తించినచో అది పేలుటలో ఆశ్చర్యమేమున్నది? పేలినప్పుడు బ్రేకును అదిమి త్రొక్కక, స్టీరింగును నిలుకడగా పట్టి, వేగమును తనంత తాను తగ్గనిచ్చి ప్రక్కకు చేర్చవలెను.

ట్రెయిలరు లాగువారికి మరియొక భయము కలదు. ట్రెయిలరు మొత్తము బరువులో నూటికి 10 మొదలు 15 వంతులు ముందటి కొక్కెముపై మోపబడవలెను. అనగా 5,000 పౌండ్ల ట్రెయిలరునకు 500 మొదలు 750 పౌండ్లు. నీళ్ళ డబ్బాలు, బియ్యపు మూటలు వెనుకభాగమున సర్దినచో కొక్కెము తేలికయై, పెద్ద లారీ దాటిన గాలికే ట్రెయిలరు ఇటునటు ఊగ మొదలిడును. అట్టియెడ స్టీరింగు త్రిప్పినను, లాగు బండి బ్రేకు త్రొక్కినను ఊగుట పెరుగును. యాక్సిలరేటరు వదలి, ట్రెయిలరు బ్రేకును మాత్రము చేతిమీటతో పనిచేయించి దానిని సరిదీయవలెను.

కొండ ఎక్కునప్పుడు ఇంజను మొరాయించునేమో యని అందఱును భయపడుదురుగాని, నిజమైన భయము దిగునప్పుడే. వయోమింగ్‌లోని టీటన్ కనుమ వంటి చోట్ల దారి నూఱడుగులకు పదేసి అడుగుల చొప్పున దిగును. దిగినంతసేపును బ్రేకుపై కాలు మోపియుంచినచో బ్రేకులు కాగి, కమరువాసన వేసి, తుదకు పట్టు వదలును. శిఖరముననే చిన్న గేరునకు మార్చి, ఇంజనుచేతనే వేగమును బిగబట్టించుట లారీ డ్రైవర్లందఱు నెఱిగిన విద్య.

నిలిచిన తరువాత

బండి నిలిచెను గదాయని నిశ్చింతగా నుండరాదు. అనేక ఆర్‌వీలలోని ఫ్రిజ్జు అమ్మోనియా ద్రవమును వేడిచేసి చల్లదనమును పుట్టించు విధమైనది; ఆ ద్రవము తనంత తాను పల్లమునకు దిగివచ్చుచుండవలెను. వాలుగా నిలిపిన బండిలో అది గొట్టములలో ఒకచోట నిలిచి కాగికాగి, కాలక్రమమున గొట్టము పూడిపోవును. కనుక మజిలీ చేరిన వెంటనే చక్రముల క్రింద దిమ్మలు వేసి సమతలము చేయుట వైభవము కాదు, అవసరము.

ప్రొపేన్‌కు సహజముగా వాసన లేదు. అది కాఱినప్పుడు తెలియుటకై దుర్గంధద్రవ్యమును కలిపి అమ్ముదురు. గాలికంటె బరువైనది కనుక అది నేలబారున చేరును. దానిని పసిగట్టు పరికరమును గోడ అడుగుననే బిగింతురు. జనరేటరు వదలు కార్బన్ మోనాక్సైడునకు మాత్రము రంగును లేదు, వాసనయు లేదు, దానికి కలిపి అమ్ము వాసనయు లేదు. కిటికీ తెఱచి, ప్రక్కనే జనరేటరు నడిపించుచు నిద్రించినవారు మేల్కొనకపోవచ్చును. మన వంటకు సంబంధించిన చిక్కొకటి ఇచ్చట కలదు. ఎండుమిరపకాయలతో పోపు పెట్టిన ఘాటు ఆ యిఱుకుగదిలో వ్యాపింపగనే పొగను పసిగట్టు అలారము మొఱపెట్టును. పిల్లలు చెవులు మూసికొందురు. విసిగినవారు దాని బ్యాటరీ ఊడదీసి ప్రక్కన బెట్టుదురు. రాత్రి ప్రాణము కాపాడవలసినది ఆ పరికరమే కావచ్చును. పోపును బయట బల్లమీద స్టౌ పెట్టి వేసికొనుట ఉభయతారకము.

విద్యుత్తునకును పరిమితి కలదు. 30 ఆంపియర్ల తీగ 120 వోల్టులపై ఇచ్చునది 3,600 వాట్లు. ఏసీయు మైక్రోవేవును ఆడుచుండగా రైస్ కుక్కరు మీట నొక్కినచో ఇల్లంతయు చీకటియగును. ఎల్లోస్టోన్ సరస్సు 7,700 అడుగులకు పైబడిన ఎత్తున నుండుటచే వేసవిలో సైతము రాత్రి నీరు గడ్డకట్టు చలి రావచ్చును. అట్టిచోట నీటిగొట్టమును కుళాయికి తగిలించియే నిద్రించినచో ఉదయము కాఫీకి నీరుండదు. గుడారపు నీడకై తెఱచిన ఆనింగును మడువక షికారునకు పోయినచో, గాలివాన దానిని పెఱికి పైకప్పుపై పడవేయును.

ఇక ఎవ్వరును చెప్పుకొన నిచ్చగింపని విషయము మరుగుదొడ్డి ట్యాంకు. మురుగుగొట్టము తగిలించినాము గదాయని దాని కవాటమును ఎల్లవేళల తెఱచియుంచినచో ద్రవము పోయి ఘనము మిగిలి గట్టిపడును. తరువాత ఎంత నీరు పోసినను కదలదు. కవాటమును మూసియుంచి, ట్యాంకు నిండవచ్చినప్పుడు ముందుగా దానిని విడిచి, పిమ్మట స్నానపు నీటి ట్యాంకును విడిచినచో, ఆ నీటితో గొట్టము కడుగబడును.

పేరుపొందిన యాత్రికులకును తప్పలేదు

నవలాకారుడు జాన్ స్టైన్‌బెక్ 1960లో పికప్ ట్రక్కుపై చిన్న యిల్లు కట్టించి, ‘రోసినాంటె’ అని పేరిడి, చార్లీ యను కుక్కతో దేశాటనమునకు బయలుదేరెను. ప్రయాణారంభముననే డొన్నా తుఫాను అడ్డుపడెను. నయాగరా చెంత కెనడాలో ప్రవేశింపబోగా, కుక్కకు టీకా వేయించిన పత్రము లేకపోవుటచే వెనుకకు మరలవలసివచ్చెను. ఓరెగన్‌లో ఒక ఆదివారము జోరున వాన కురియుచుండగా టైరు పేలెను. 1962లో వెలువడిన ‘ట్రావెల్స్ విత్ చార్లీ’ గ్రంథమున ఇవన్నియు కలవు. తుఫానును ఆపుట ఎవరి తరము? టైరునకును పత్రమునకును మాత్రము ముందుజాగ్రత్త కలదు; పుస్తకమున పఠనీయములైన ఆ ఘట్టములు ప్రయాణమున ధనమును దినములను హరించునవి.

కదలుటకు ముందు ప్రదక్షిణము

అనుభవజ్ఞులందఱు పాటించు నియమము ఒక్కటి. బండి కదలుటకు ముందు దాని చుట్టును ఒక ప్రదక్షిణము చేయవలెను. విద్యుత్ తీగ ఊడదీసినారా? నీటిగొట్టము చుట్టినారా? మెట్టు లోనికి మడిచినారా? ఆనింగు మూసినారా? ప్రక్కకు జరుపు గది లోనికి వచ్చినదా? చక్రముల క్రింది దిమ్మలు తీసినారా? పిమ్మట లోన: ప్రొపేన్ కట్టినారా, ఫ్రిజ్జు తలుపు గడియ పడినదా, పై అఱలోని ఆవకాయ సీసా క్రిందికి దింపినారా? తొలి మలుపులోనే అఱ తెఱచుకొని నూనెయు కారమును తివాచీపై పాఱిన బండిని శుభ్రపఱచుటకు అద్దెవారు వేయు రుసుము సామాన్యమైనది కాదు. ఈ పట్టికను ఒకరు చదువుచుండగా మఱియొకరు ప్రతిదానిని చేతితో తాకి చూడవలెను. చదువుచున్నవారిని నడుమ పలుకరింపరాదు.

ఈ పనికి బండిలో అందఱికంటె తగినవారు ఊరినుండి వచ్చిన అమ్మగారే. బస్సెక్కబోవుచు, గ్యాసు కట్టితినా, కుళాయి మూసితినా, తాళము పడినదా యని వీథి మలుపునుండి వెనుకకు వచ్చి మఱల లాగి చూచు ఆమె అలవాటును చూచి నవ్వని కొడుకుండడు. ఆర్‌వీ యాత్రలో ఆ అలవాటే విద్య. పట్టికను ఆమె చేతికిచ్చి, “ఇక పోనీయ్ నాయనా” అని ఆమె నోటివెంట వచ్చునందాక ఇంజను తాళము త్రిప్పకుండుట ఆ కుమారునకు క్షేమము.