గ్యాస్ అలారం పైనా, కిందా?

దోహాలో, నజ్మాలోని మా గదికి గ్యాస్ అలారం కొని, పొగ అలారంలాగే పైకప్పుకు బిగించాను. అది పొరపాటని తర్వాత తెలిసింది. గాలి సగటు అణుభారం 29. సిలిండర్ గ్యాసులోని ప్రొపేన్‌ది 44, బ్యూటేన్‌ది 58. అంటే లీకైన గ్యాస్ నేలమీద పరుచుకుంటుంది. మేం నలుగురం పడుకునేదీ నేలమీదే! అందుకే అలారాన్ని నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తులోకి దించాను. పైపులో వచ్చే సహజవాయువు అయితే తేలిక, దానికి పైనే ఉండాలి.

రెగ్యులేటర్ పెట్టాక అతుకులకు సబ్బునీళ్లు రాయండి. బుడగలొస్తే లీకున్నట్టే. అగ్గిపుల్ల గీసి చూడకండి. వాసనొస్తే సిలిండర్ కట్టేసి, తలుపులు, కిటికీలు తెరవండి. ఏ స్విచ్చీ ముట్టుకోకండి, ఎగ్జాస్ట్ ఫ్యానుది కూడా. అందులో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు, గది అంటుకోడానికి.