రాయలసీమ నీటిలో ఏంజెల్ చేప: గుర్తింపు, పెంపకం

1. ఉపోద్ఘాతం

ఏంజెల్ చేప దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ ప్రాంతానికి చెందినది. అక్కడి నీరు చాలాచోట్ల మృదువైనది, కొద్దిపాటి ఆమ్లగుణం కలది. ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల బోరునీరు ఇందుకు భిన్నంగా అనేక చోట్ల కఠినజలం. ఈ చేపను గుర్తించే పద్ధతిని, మన నీటిలో పెంచే తీరును వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. గుర్తింపు

ఈ చేపల ప్రజాతి పేరు టెరోఫిల్లమ్. గ్రీకు మూలాన్ని బట్టి దీనికి 'రెక్కల ఆకు' అని అర్థం. ఇందులో మూడు జాతులున్నాయి. 1823లో వర్ణితమైన స్కలారే వెండిరంగు దేహంపై నిలువు నల్లచారలతో ఉంటుంది. 1903లో వర్ణితమైన ఆల్టమ్ మరింత ఎత్తైనది. దాని మూతికి, నుదుటికి మధ్య స్పష్టమైన నొక్కు కనిపిస్తుంది. 1963లో వర్ణితమైన లియోపోల్డీకి ఆ నొక్కు ఉండదు. వీపురెక్క మొదట నల్లమచ్చ ఉంటుంది. అంగళ్లలో మార్బుల్, బ్లాక్, కోయ్ పేర్లతో అమ్మేవి ప్రధానంగా స్కలారే నుండి పెంపకందారులు రూపొందించిన రకాలు. కనుక జాతి నిర్ణయానికి రంగుకంటె ఆకృతే ప్రమాణం. ఆడ, మగ భేదం గుడ్లు పెట్టే సమయంలోనే నమ్మకంగా తెలుస్తుంది. అప్పుడు బయటపడే నాళం మగచేపకు సన్నగా, ఆడచేపకు వెడల్పుగా ఉంటుంది.

3. నీరు, రాయి

సున్నపురాయిని నీరు కరిగించగలదనడానికి కొలిమిగుండ్ల సమీపంలోని 3,229 మీటర్ల బెలుం గుహలే నిదర్శనం. ఆ రాతిపొరల నుండి వచ్చే నీటిలో కాల్షియం లవణాలు అధికం. మన పెద్దలు నీటిని 'మంచినీళ్లు', 'ఉప్పునీళ్లు' అని విభజించారు. పప్పు ఉడకకపోవడం, సబ్బు నురగ రాకపోవడం వారి పరీక్షలు. అక్వేరియానికీ తొలి పరీక్షలు ఇవే.

నల్లని కడప బండ, బేతంచెర్ల బండ రెండూ సున్నపురాళ్లే. అలంకారానికి వీటిని తొట్టిలో వేస్తే కాఠిన్యం క్రమంగా పెరగవచ్చు. రాతిని గీరిన పొడిపై వెనిగర్ వేస్తే బుడగలు వస్తే, ఆ రాయిని వాడరాదు. గ్రానైటు రాయి ఇందుకు మేలు.

4. పెంపకం

తొట్టిలో పెరిగిన ఏంజెల్ చేపలు మధ్యస్థ కాఠిన్యానికి అలవాటు పడతాయి. కాని గుడ్లు పొదగడానికి మృదుజలం అనుకూలం. అందుకు వాననీటిని లేదా ఆర్.ఓ. నీటిని బోరునీటితో కలపవచ్చు. మార్పు మాత్రం కొద్దికొద్దిగా జరగాలి. కేవలం ఆర్.ఓ. నీరు లవణరహితం కనుక తగదు.

తొట్టి ఎత్తు కనీసం 45 సెంటీమీటర్లు ఉండాలి. వాలిస్నేరియా మొక్క కఠినజలంలోనూ బాగా పెరుగుతుంది. అమెజాన్ స్వోర్డ్ వెడల్పాకులపై చేపలు గుడ్లు పెడతాయి. ఎదిగిన ఏంజెల్ చేప నియాన్ టెట్రా వంటి చిన్నచేపలను మింగగలదు. వేసవిలో నీరు వేడెక్కితే కరిగిన ఆక్సిజన్ తగ్గుతుంది. అందువల్ల ఎండ తగిలే గోడ పక్కన తొట్టిని ఉంచరాదు. గాలిపంపు ఆగకుండా నడవాలి.

5. ముగింపు

వారానికి పావువంతు నీరు మార్చడం మంచిది. నీటి ఎద్దడిగల సీమలో ఆ నీటిని పారబోయక పెరటి మొక్కలకు పోయాలి. చేపల వ్యర్థాలు వాటికి ఎరువవుతాయి. చేప చనిపోయినప్పుడు 'మన నీళ్లు పనికిరావు' అని నిర్ణయించే ముందు, ఆ నీటి స్వభావాన్నీ తొట్టిలోని రాతినీ పరీక్షించాలి. ఇంటివారికి తెలిసిన మంచినీళ్లు, ఉప్పునీళ్ల వివేకమే అందుకు తొలి ఆధారం.