200 స్టార్లు వచ్చాయి, కూడిక మాత్రం రాలేదు: పాత ఫోన్‌తో మా ఇంటి ప్రయోగం

సంక్రాంతికి కొమరోలు వెళ్తే, రెండో తరగతి చదివే మా అక్క కూతురు ఫోన్ తెచ్చి చూపించింది. "మామా, నాకు 200 స్టార్లు!" అదేదో కూడికల యాప్. సరే, 8కి 5 కలిపితే ఎంతమ్మా అన్నా. ఠక్కున "15" అంది. నా ముఖం చూసి "12?" అంది.

పక్కన కూర్చుని చూస్తే తెలిసింది. ప్రతి ప్రశ్నకీ నాలుగు ఆప్షన్లు. తప్పు నొక్కినా పర్లేదు, మళ్లీ నొక్కొచ్చు. లెక్క చెయ్యకపోయినా మహా అయితే నాలుగో ట్యాప్‌కి స్టార్ గ్యారంటీ! పిల్ల తప్పేం లేదు, లూప్‌హోల్ పట్టేసింది. మా టెస్టింగ్ టీమ్‌లోకి తీసుకోవచ్చు.

ఆ యాప్ తీసేసి, మూలన పడున్న నా పాత ఆండ్రాయిడ్ ఫోన్ బయటికి తీశా. ముందు జీకాంప్రీ వేశా. 2000లో మొదలైన ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ ఇది. 2 నుంచి 10 ఏళ్ల పిల్లలకి. ఫ్రీ, యాడ్లు లేవు, నెట్ లేకపోయినా ఆడుకోవచ్చు. పైనుంచి పడే పాచికల చుక్కలు లెక్కపెట్టే గేమ్ తనకి బాగా నచ్చింది.

కూడికల కోసం మాత్రం రాత్రి కూర్చుని నేనే చిన్న యాప్ రాశా. స్కోర్ లేదు, టైమర్ లేదు, ఆప్షన్లు లేవు. ఆండ్రాయిడ్ టెక్స్ట్ టు స్పీచ్ తెలుగులో "ఎనిమిది, ఐదు" అంటుంది, అంతే. నేల మీద సుద్దతో వరసకి 5 చొప్పున 10 గళ్లు గీశాం. 8 చింతపిక్కలు పెడితే రెండు గళ్లు ఖాళీ. 5లోంచి రెండు వాటిలోకి వెళ్తే బయట 3 మిగులుతాయి. పది, మూడు... పదమూడు! వేళ్లు లెక్కపెట్టే పనే లేదు. తర్వాత నంబర్ టైప్ చెయ్యాలి.

మర్నాడు కొత్త డిమాండ్: "ఫోన్ తప్పు చెప్పాలి, నేను పట్టుకోవాలి." ఆ మోడ్ కూడా పెట్టా. అప్పుడప్పుడూ జవాబు ఒకటి అటూ ఇటూగా చెబుతుంది. కానీ ఒప్పా తప్పా అంటే సగం ఛాన్స్ ఊహకే పోతుంది కదా, అందుకే పిక్కలతో నిరూపించాలని రూల్. ఫోన్‌ని పట్టేసినప్పుడు తన నవ్వు చూడాలి!

మీరూ ట్రై చేస్తే సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో యాప్ పిన్నింగ్ ఆన్ చెయ్యండి. ఆండ్రాయిడ్ 5.0 నుంచీ ఉన్న ఫీచరే. పిల్లలు పొరపాటున యూట్యూబ్‌లోకి జారిపోరు.

ల్యాప్‌టాప్‌లో టక్స్‌మ్యాథ్ కూడా ఉంది. తోకచుక్కలు కింద పడేలోపు జవాబు టైప్ చేసి పేల్చాలి. అది ఇంకా ఇవ్వలేదు. పిక్కలు లేకుండా పది దాటడం వచ్చాకే స్పీడ్.