చేతి తప్పా, మీట తప్పా?

ఉప్పును చక్కెరను ఒకే తీరు డబ్బాలలో పోసి ప్రక్కప్రక్కన నుంచినచో, ఏదో యొకనాడు కాఫీలో ఉప్పు పడక మానదు. ఆనాడు మనము కలిపినవారిని నిందింతుమే గాని డబ్బాలను నిందింపము. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికా సైనిక విమానదళమునందు ఇట్టి నిందయే పైలటులపై బడెను.

బి-17 అనునది నాలుగు ఇంజనుల బాంబరు. అది క్షేమముగా నేలకు దిగి రన్‌వేపై పోవుచుండగా, రెక్కల వెనుకనుండు ఫ్లాపులను పైకి తీయవలెను. కొందరు పైలటులు అందుకు మారుగా చక్రములను ముడిచివేయుచుండిరి. విమానము పొట్టపై కూలబడుచుండెను. వారు మందమతులు కారు, చక్కని శిక్షణ పొందినవారు. 1943 ప్రాంతమున ఆల్ఫాన్స్ చపానిస్ అను మనశ్శాస్త్రజ్ఞుడు పైలటులను మాత్రమేగాక వారి యెదుటనున్న మీటలనుగూడ పరిశీలించెను. చక్రముల మీటయు ఫ్లాపుల మీటయు ఒకే ఆకారముతో ప్రక్కప్రక్కనే యుండెను! అవి వేర్వేరు తీరుల నమర్చబడిన సి-47 విమానమున ఈ చిక్కు లేదు. ఆయన ఒక మీటకు చిన్న రబ్బరు చక్రమును, రెండవదానికి ఫ్లాపును బోలిన ముక్కను తగిలింపజేసెను. ఇక చూడనక్కరలేదు, తాకిన చాలును.

ఇందలి మర్మమేమి? ఫ్లాపులు తీయవలెనను పైలటు నిర్ణయము సరియైనదే. కాని అలసటతో, కన్నులు రన్‌వేపై నిలిపి, మీటను చేతికి విడిచెను; చేతికి రెండును ఒకటే. తెలియక చేసిన తప్పు వేరు, తెలిసియు చేయి జారిన తప్పు వేరు. మొదటిదానికి బోధన మందు. రెండవదానికి ఎన్ని పాఠములు చెప్పినను ప్రయోజనము స్వల్పము, పనిముట్టునే మార్చవలెను. ఉపాధ్యాయులమగు మాకు ఈ మాట కొంచెము చేదే!

1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ అనువారు పైలటుల పొరపాట్లని చెప్పబడిన 460 ఉదంతములను పరిశీలింపగా, వానిలో దాదాపు సగము ఒక మీటకు బదులు మరియొకదానిని పట్టుటవలన గలిగినవే. నేడు అమెరికా విమాన నిబంధనలు పెద్ద ప్రయాణికుల విమానములలో చక్రముల మీట కొన చక్రమువలెను, ఫ్లాపుల మీట కొన ఫ్లాపువలెను ఉండవలెనని విధించుచున్నవి.