గోడ యెవరిది? బాధ్యత యెవరిది?

రాత్రివేళ ఎవడో వచ్చి మన ప్రహరీగోడకు ఒకరిని అవమానపరచు చిత్రమును అంటించిపోయినచో, తెల్లవారిన పిదప ఆ నేరమును గృహస్థునిపై మోపుట న్యాయమని యెవరును అనజాలరు. చూచిన తరువాతను చింపివేయక యూరకుండినచో సంగతి వేరు. కాని వీథిలో ఒక పలక నిలిపి, ప్రక్కనే జిగురుగిన్నె యుంచి, "మీకు గిట్టనివారి చిత్రములను ఇచ్చట అంటింపుడు, క్రింద వారి పేరును ఊరును తప్పక వ్రాయుడు" అని పిలిచినవాడు, "అంటించినది నేను కాను గదా" యనినచో వానిని విడిచిపెట్టుట యెట్లు? వెబ్‌సైటులలో ఇతరులు చేర్చు ఛాయాచిత్రములను గూర్చి న్యాయస్థానముల ముందున్న చిక్కు ఇదియే.

అమెరికాలో 1996 సంవత్సరపు చట్టమునందలి 230వ సెక్షను, ఇతరులు చేర్చిన విషయమునకు వెబ్‌సైటు యజమానిని ప్రచురణకర్తగా నెంచరాదని శాసించినది. 2012 చివర శాండియాగో నివాసి యొకడు ఈ రక్షణ తనకును గలదని తలచి ఒక వెబ్‌సైటును తెరచెను. పగబట్టిన పూర్వప్రియులు స్త్రీల నగ్నచిత్రములను అందు చేర్చుచుండిరి. చేర్చువాడు ఆ స్త్రీ పూర్తి పేరును, వయస్సును, నివాసస్థలమును, ఆమె ఫేస్‌బుక్ చిరునామాను నింపినగాని పత్రము ముందునకు సాగదు. ఇంతటితో ఆగెనా? ఆ చిత్రములను తొలగించెదమని వేరొక పేరుతో మరియొక వెబ్‌సైటును నడపి, బాధితులయొద్దనే రుసుము గుంజుచుండెను. నిప్పు పెట్టినవాడే నీళ్ల నమ్మజూపుట యన్నమాట! 2015లో జూరీ వానిని దోషిగా నిర్ణయించెను. తొలుత విధించిన శిక్ష 18 సంవత్సరములు. 2016లో అపీలు న్యాయస్థానము 230వ సెక్షను వానికి అక్కరకు రాదని తేల్చినది. చిత్రమును పంపినది పరులైనను, ఆమె యెవరో లోకమునకు చాటు వివరములను బలవంతముగా వ్రాయించినది యజమాని పత్రమే గదా! అద్దెయిండ్ల సహవాసులను కూర్చు ఒక వెబ్‌సైటు విషయమున 2008లోనే ఈ సూత్రము వెలువడియుండెను. విధిగా నింపవలసిన ప్రశ్నలకు యజమాని జవాబుదారి. ఖాళీగా విడిచిన గడిలో జనులు తోచినట్లు వ్రాసికొన్నదానికి కాడు.

మన దేశమున 2004 డిసెంబరులో బాజీ డాట్ కామ్ అధిపతిని నిర్బంధించినపుడు ఈ ప్రశ్న తీవ్రముగా చర్చకు వచ్చినది. అమ్మకమునకు పెట్టబడిన అశ్లీల దృశ్యఖండము పరులది. అంగడి మాత్రము వారిది. పిమ్మట సవరింపబడి 2009 అక్టోబరులో అమలునకు వచ్చిన 79వ సెక్షను మధ్యవర్తికి రక్షణ నిచ్చుచునే, నేరమునకు కుట్రపన్నినను, తోడ్పడినను, ప్రేరేపించినను ఆ రక్షణ పోవునన్నది. 2015లో శ్రేయా సింఘాల్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు, కోర్టు ఉత్తరువో ప్రభుత్వపు నోటీసో అందినగాని మధ్యవర్తికి ఎఱుక కలిగినట్లు ఎంచరాదని చెప్పినది. 2016లో మైస్పేస్ వ్యాజ్యమున ఢిల్లీ హైకోర్టు, యంత్రము తనంత తానుగా ఆకృతి మార్చినంతమాత్రమున, ప్రకటనలు చేర్చినంతమాత్రమున రక్షణ పోదన్నది.

ఈ ఔదార్యము అవసరమే. 1910 సంవత్సరపు ప్రెస్ చట్టము ముద్రాలయాధిపతులయొద్ద ధరావతులు గుంజినపుడు, భీతిల్లిన ముద్రాపకుడు నిర్దోషమైన వ్రాతను సైతము త్రోసిపుచ్చుటను పత్రికలవారు ఎఱుగుదురు. ప్రతి చిత్రమునకును యజమానిని బోనెక్కించినచో, లాఠీదెబ్బ తిన్నవాని చిత్రముకూడ మర్నాటికి కానరాదు. అయినను ప్రేరేపణ యను మాటను న్యాయమూర్తులు అక్షరమాత్రముగా చదివి విడువరాదు. శీర్షిక యేమి పిలిచినది, పత్రము ఏమి యడిగినది, తొలగింపునకు సొమ్ము ఎవరికి ముట్టినది, వీనినన్నిటిని చూడవలెను.

చిక్కెల్ల సాక్ష్యముతోనే. బాధితురాలి తండ్రియో అన్నయో ఆ చిత్రపు ప్రతిని మాత్రము చేతబట్టుకొని పోలీసు ఠాణాకు పరుగెత్తును. దాని పైనున్న శీర్షిక, ప్రక్కనున్న పేరు, చేర్చుటకు నింపవలసిన పత్రము, రుసుమడిగిన పుట తెల్లవారునప్పటికి మాయమైపోవును. చిత్రమును తొలగింపించుటకు ముందుగా ఆ పుటలన్నిటి ప్రతులను, తేదీయు వేళయు కనబడునట్లు తీసియుంచుకొనవలెను. చిత్రము ఒక్కటియే చేర్చినవానిని పట్టియిచ్చును. తక్కిన పుటలే పలక నిలిపినవానిని పట్టియియ్యగలవు.