ముఖంలో దాగిన కాలువలు

పళ్ళు గట్టిగా బిగించినప్పుడు దవడ మూల దగ్గర ఒక కండ ఉబ్బుతుంది. ఆ కండకు సరిగ్గా ముందు, దవడ ఎముక కింది అంచు మీద వేలి కొనను మెల్లగా ఆనిస్తే, మణికట్టు దగ్గర వలెనే అక్కడా నాడి కొట్టుకోవడం తెలుస్తుంది. ముఖానికి రక్తాన్ని అందించే ముఖ ధమని మెడలో నుంచి పైకి వచ్చి ముఖంలో అడుగుపెట్టే చోటు అదే. అంతవరకు దాని మార్గం దాదాపు అందరిలోనూ ఒక్కటే. ఆ గడప దాటిన తరువాత మాత్రం ఏ ముఖం దారి ఆ ముఖానిదే.

శరీర నిర్మాణ గ్రంథాలలోని పటం ప్రకారం ఈ ధమని దవడ అంచును చుట్టి, నోటి మూల పక్కగా, ముక్కు పక్కగా ఎగబాకి, కంటి లోపలి మూలను చేరుతుంది. దారిలో రెండు పెదవులకూ, ముక్కుపుటానికీ కొమ్మలనిస్తుంది. దాని నడక తిన్ననిది కాదు. మెలికలు తిరుగుతూ సాగుతుంది. నవ్వినా, నమిలినా, ఆవులించినా బుగ్గ సాగుతుంది గనుక, దానితోపాటు తానూ సాగడానికి ధమనికి ఆ మెలికలే అవకాశమిస్తాయి.

ఈ పటం సగటు మనిషిది. అయితే సగటు మనిషి శస్త్రచికిత్స బల్ల మీదికి ఎన్నడూ రాడు. వచ్చేవాడు ఒకానొక మనిషి.

ఎడమకు కుడి పోలదు

కొందరిలో ముఖ ధమని గ్రంథంలో చెప్పినట్లే కంటి మూల వరకు వెళుతుంది. అనేకులలో ముక్కు పక్కనే అంతమవుతుంది. మరికొందరిలో పై పెదవి దగ్గరే ఆగిపోతుంది. అరుదుగా కింది పెదవిని దాటి పైకి రానే రాదు. ముక్కు నుంచి నోటి మూలకు దిగే ముడతకు అది ఒకరిలో లోపలి వైపున, మరొకరిలో వెలుపలి వైపున నడుస్తుంది; ఇంకొకరిలో ఆ ముడతను అడ్డంగా దాటుతుంది. ఒకచోట కండరాల కింద లోతుగా ఉన్న నాళమే మరొకచోట చర్మం కిందికే రావచ్చు. అన్నిటికన్న ఆశ్చర్యకరమైన విషయం, ఒకే ముఖంలో కుడి పక్క ఉన్న తీరు ఎడమ పక్క ఉండకపోవడం.

అయినా ముఖంలో ఏ భాగమూ రక్తం లేక ఎండిపోదు. ముఖ ధమని చిన్నదైన చోట చెవి ముందు నుంచి బుగ్గకు అడ్డంగా వచ్చే ధమని గాని, కంటి కింది ఎముక రంధ్రం నుంచి వెలువడే ధమని గాని, ఎదుటి పక్క ధమని గాని ఆ లోటును పూడుస్తుంది. ఒక కాలువ పారకపోతే పక్క కాలువ నుంచి మడికి నీరు పెట్టుకునే ఆయకట్టు వంటిదే ఈ ఏర్పాటు.

ఈ వైవిధ్యానికి మూలం గర్భంలోనే ఉంది. పిండంలో రక్తనాళాలు మొదట సన్నని వలలా ఏర్పడతాయి. రక్తం ఎక్కువగా పారిన పోగులు వెడల్పై ధమనులవుతాయి. తక్కువగా పారినవి కుంచించుకుపోతాయి. ఏ పోగు నిలుస్తుందో, ఏది మాయమవుతుందో అందరిలో ఒకే విధంగా జరగదు.

ఈ కలయికల ప్రభావం పెదవి తెగినప్పుడు స్పష్టంగా కనిపిస్తుంది. కుడి ఎడమ ధమనులు పెదవి మధ్యలో కలుస్తాయి గనుక గాయానికి రెండు వైపుల నుంచీ రక్తం చిమ్ముతుంది. అందుచేత ఒక పక్క మాత్రమే అదిమితే చాలదు. రెండు పక్కలా పెదవిని వేళ్ళతో నొక్కి పట్టాలి.

ఒక చర్మపు కాడ మీద నిలిచిన ముక్కు

ఈ నాళాలను నమ్ముకొని మన దేశపు వైద్యులు ఏనాడో గొప్ప సాహసం చేశారు. తెగిన ముక్కును బుగ్గ చర్మంతో తిరిగి నిర్మించే పద్ధతి సుశ్రుత సంహితలోనే ఉంది. తరువాతి కాలంలో నుదుటి చర్మాన్ని వాడే పద్ధతి వాడుకలోకి వచ్చింది. 1794 అక్టోబరులో లండన్‌లోని జెంటిల్మన్స్ మాగజైన్‌లో దీనిని వర్ణిస్తూ ఒక లేఖ వెలువడింది. ఇంగ్లీషు సైన్యంలో ఎడ్లు తోలే కవాస్జీ 1792 నాటి యుద్ధంలో టిప్పు సుల్తానుకు బందీగా చిక్కి ముక్కును, ఒక చేతిని పోగొట్టుకున్నాడు. పుణె సమీపంలో ఇటుకల పనివారి కులానికి చెందిన ఒక వైద్యుడు అతనికి కొత్త ముక్కును అమర్చాడు.

మైనంతో ముక్కు ఆకారం చేసి, దానిని నుదుటిపై పరచి, ఆ కొలతకు చర్మాన్ని కోసి కిందికి తిప్పారు. కనుబొమల నడుమ సన్నని కాడను మాత్రం తెంచకుండా ఉంచారు. సుమారు ఇరవై అయిదవ రోజున, కొత్త చర్మం అతుక్కున్నాక, ఆ కాడను కోశారు. 1814లో లండన్‌లో జోసెఫ్ కార్ప్యూ అనే శస్త్రవైద్యుడు ఈ పద్ధతిని అనుసరించి విజయం సాధించాడు.

ఆ కాడలో ఉన్న రహస్యం కంటి లోపలి మూల పైన నుంచి నుదుటికి ఎక్కే చిన్న ధమని. ముఖ మధ్యరేఖకు రెండు సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూగా అది ఉంటుంది. ఆ ధమని నిలిస్తే ముక్కు నిలుస్తుంది. అది తెగితే చర్మం నల్లబడి రాలిపోవచ్చు. అందుకే నేటి వైద్యులు డాప్లర్ పరికరంతో దాని శబ్దం విని, గుర్తు పెట్టుకుని మరీ కత్తి పట్టుకుంటారు.

సూది మొనపై కన్ను

ఈ పరిజ్ఞానం అవసరం ఇటీవల మరింత పెరిగింది. ముడతలను నింపడానికి, ముక్కును తీర్చిదిద్దడానికి చర్మం కింద ఫిల్లర్ అనే జిగురు పదార్థాన్ని ఎక్కించుకోవడం నేడు అనేక నగరాలలో వాడుకైంది. సాధారణంగా ఇది నిరపాయంగానే జరుగుతుంది. కాని ముక్కు దగ్గరి ధమనులకూ కంటికి రక్తమిచ్చే ధమనికీ కలయికలున్నాయి. సూది మొన పొరపాటున ధమనిలో దిగి, వేసిన ఒత్తిడికి ఆ పదార్థం ప్రవాహానికి ఎదురు నడిచి కంటి ధమని వరకు వెళ్ళగలదు. ఒత్తిడి సడలగానే రక్తం దానిని నేత్రపటలపు నాళంలోకి తోస్తుంది. ఆ పటలానికి వేరే దారి లేదు. చూపు క్షణాలలో పోవచ్చు; తిరిగి రావడం అరుదు.

కనుబొమల నడుమ, ముక్కు, నుదురు ఇందులో అత్యంత అపాయకరమైన స్థలాలు. నిపుణులు మొండి మొన గల గొట్టాన్ని వాడి, కొద్దికొద్దిగా, మెల్లగా ఎక్కిస్తారు. కొందరు అల్ట్రాసౌండ్‌తో ముందుగా నాళాలను చూస్తారు. హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వచ్చినా, చర్మం పాలిపోయినా, మచ్చలుగా కమిలినా, చూపు మసకబారినా క్షణం ఆలస్యం తగదు. పదార్థం హయలురోనిక్ ఆమ్లమైతే దానిని కరిగించే ఎంజైము ఉంది. అది ఎంత త్వరగా అందితే చర్మానికి అంత మేలు. అందువల్ల ఆ ఎంజైము చేతికి అందుబాటులో లేని చోట, ముఖ ధమనుల తీరు క్షుణ్ణంగా ఎరుగని చేతికి ముఖాన్ని అప్పగించడం వివేకం కాదు.

అద్దంలో కనిపించే పోలికలే మనిషికి గుర్తు అనుకుంటాము. కవలల ముఖాలు ఒకటిగా కనిపించవచ్చు. ఆ చర్మం కింద మాత్రం ఏ కాలువ ఎటు పారుతున్నదో పైచూపుకు అంతుపట్టదు. పటం తెలిసిన వైద్యుడు మంచివాడే. పటం చేతిలో ఉన్నా ప్రతి ముఖాన్నీ కొత్తగా తడిమి చూసుకునే వైద్యుడు మరింత మంచివాడు.