తొర్రలో తలుపు మూసికొను పక్షి

మన పల్లెల పొలిమేరలలో మర్రి, రావి పండ్ల కాలమున వాలు బూడిదవన్నె పక్షిని పాఠకులలో అనేకులు చూచియే యుందురు. వంగిన పొడవాటి ముక్కు, దానిపై చిన్న కొమ్మువంటి బొడిపె, పొడవైన తోక దాని గుర్తులు. ఆంగ్లమున దీనిని హార్న్‌బిల్ అందురు. అనగా కొమ్ముముక్కు పక్షి. పాపికొండల అడవులలో నలుపు తెలుపు వన్నెలు గల మరియొక జాతి కలదు. ఈ కుటుంబమునకు చెంది మన దేశమున నున్న పక్షులలో మిక్కిలి బరువైనది పెద్ద హార్న్‌బిల్. మేము వ్రాయబూనినది దానిని గూర్చియే. అది మన కొండలలోనిది కాదు. పడమటి కనుమల తడి అడవులలోను, హిమాలయముల దిగువ వనములలోను, ఈశాన్య రాష్ట్రములలోను నివసించును. కేరళము, అరుణాచల ప్రదేశము దానిని తమ రాష్ట్రపక్షిగా నెన్నుకొన్నవి.

ఈ పక్షి పొడవు ఇంచుమించు ఒక మీటరు. బరువు సుమారు 3 కిలోలు. ముక్కుపై నున్న పసుపుపచ్చని తొడుగు చూపులకు బరువుగా తోచును గాని, లోపల చాలవరకు డొల్ల. మగదాని కన్ను ఎఱ్ఱన, ఆడుదాని కన్ను తెల్లన. ఎగురునపుడు రెక్కల చప్పుడు ఆవిరి రైలింజను కదలునప్పటి బుసవలె దూరమునకు వినవచ్చును. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము వారు 1894లో పుట్టిన పక్షి నొకదానిని తమ కార్యాలయమున పెంచగా, అది 1920 వరకు జీవించినది. ఆ సంఘపు చిహ్నమున నున్నది ఈ పక్షియే.

అన్నిటికంటె వింతయైనది దీని సంసారము. ఇది వడ్రంగిపిట్టవలె చెట్టును తొలువజాలదు. కొమ్మ విరిగి, లోపల పుచ్చి, ఏండ్ల తరబడి ఏర్పడిన పెద్ద తొర్రయే దీనికి కావలెను. తొర్ర దొరికిన పిమ్మట ఆడుపక్షి లోనికి పోయి, తన మలమునే సున్నముగను, ముక్కు ప్రక్కభాగమునే తాపీగను చేసికొని ద్వారమును మూయును. ముక్కు పట్టునంతటి సన్నని చీలిక మాత్రము మిగులును. లోపల ఒకటి రెండు గ్రుడ్లు పెట్టి, ఎగురుటకు వలసిన ఈకలను రాల్చివైచును. గ్రుడ్లు పొదుగుటకు 38 మొదలు 40 దినములు పట్టును. ఇంక ఆహారభారమంతయు మగపక్షిదే. అది మర్రి జాతి పండ్లను గొంతులో నింపుకొనివచ్చి, ఒక్కొక్కటిగా పైకి తెచ్చి చీలికలో నుంచి అందించును. అప్పుడప్పుడు బల్లులను, పురుగులను గూడ తెచ్చును. లోపలి తల్లి గూటిని మురికి చేయదు. మలమును చీలికగుండ వెలుపలికే విసర్జించును. పిల్ల కొంత పెరిగినపుడు తల్లి గోడను పగులగొట్టుకొని వెలువడును. అంతట పిల్ల తానే లోపలినుండి ద్వారమును మరల మూసికొనును! ఇంతటి నేర్పు దానికెవ్వరు గఱపిరో యని మాకు ఆశ్చర్యము కలుగుచుండును.

ఈ ఏర్పాటు పాములనుండి, ఇతర జంతువులనుండి గూటిని కాపాడును గాని తుపాకినుండి కాపాడదు. మగపక్షి యొక్కటి కూలినచో చచ్చునది ఒక్కటి కాదు. ఎగురలేని తల్లియు, లోపలి పిల్లయు ఆకలిపాలగును. జంటకు ఏటికి సాధారణముగ ఒక్క పిల్లయే గనుక ఆ నష్టము త్వరగా తీరదు. అడవికి గూడ నష్టమే. పెద్ద గింజలు గల పండ్లను మ్రింగి, ఆ గింజలను దూరమున విడిచి, క్రొత్త మొక్కలు మొలచుటకు తోడ్పడునది ఈ పక్షి. ముదురు చెట్లను నరికినచో తొర్రలే యుండవు. వేట, అడవుల క్షీణత కారణముగ 2018లో దీనిని ముప్పునకు గురియైన జాతులలో చేర్చిరి.

అరుణాచలమున పక్కే పులుల అభయారణ్యము చుట్టునున్న నిషి జాతివారు పూర్వము ఈ పక్షిని వేటాడి, దాని ముక్కును తమ వెదురు టోపీలపై ధరించెడివారు. ఇపుడు పెక్కుమంది కృత్రిమముగ చేసిన ముక్కును ధరించుచున్నారు. 2011లో అచట గూళ్ల దత్తత పథకము మొదలైనది. దూరప్రాంతములవారు ధనమిత్తురు, గ్రామస్థులు జీతముపై గూళ్లను కాతురు. వారిలో ఒకనాటి వేటగాండ్రును గలరు. పక్షి జాడ వారికి తెలిసినట్లు మఱెవ్వరికి తెలియును? చెట్టు క్రింద రాలిన గింజలను, మలమును బట్టి గూటిని పోల్చుదురు. పొదల మాటున కూర్చుండి, మగపక్షి వచ్చిన వేళను, తెచ్చిన పండును పుస్తకమున వ్రాసికొందురు. పిల్ల ఎగిరిపోయిన దినమును గూడ గుర్తుంచుకొని, మరుసటి సంవత్సరము ఆ చెట్టు క్రిందికే మరల వత్తురు. ఏలయన, చెట్టు నిలిచియున్నచో ఆ పక్షులు తరచుగా అదే తొర్రకు వచ్చును.